చెరువుకు కూడా లెక్క పుస్తకం ఉండాలి
(రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ అంకెలు మన దగ్గర చదువురాని ముసలమ్మకు కూడా నోటికి వచ్చు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిందనీ, 2022 జూలైలో 71.3 దాకా ఎక్కిందనీ చెప్పగలుగుతున్నామంటే ఎవరో ఏళ్ల తరబడి చూసి రాసిపెట్టారు కాబట్టే. మరి మన ఊరి చెరువు? పోయిన మే నెలలో నీళ్లెన్ని అంటే 'బాగానే ఉండె' అంటాం. ఆఫీసులో ఆ మాట ఎవరు రాసుకుంటారు?

కిన్నెరసాని పూర్తి మట్టం 407 అడుగులు, తాలిపేరుది 74 మీటర్లు. వానాకాలంలో పేపర్లు ఆ లెక్కలు వేస్తాయి. అడవి అంచు చెరువులు చాలావాటికి కొలబద్దే లేదు. 2024 జూలైలో అశ్వారావుపేట మండలంలో పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగింది. ప్రాజెక్టుకే ఆ గతి పడితే మన చిన్న కట్టల సంగతి మనమే చూసుకోవాలి.

మా ఊళ్లో మేం మొదలుపెట్టి మూడేళ్లయింది. మొదటి ఏడు తప్పు చేశాం. చెరువు అడుగు నుంచి కొలిచాం. ఎండాకాలంలో పూడిక తీయగానే అడుగే మారిపోయింది, ఏడాది రాత వృథా. ఇప్పుడు తూము గడప మాకు సున్నా. గోడ మీద రంగు గీతలు, పక్కన నోటు పుస్తకం.

నీళ్ల వేడి కూడా రాస్తున్నాం. చెరువుకు జ్వరమొచ్చిందా అని నవ్వారు. (జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు, ల్యాబులో వాడేది కావాలి.) ఒకప్పుడు తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరిస్తే, మందు కలిపారని ఒకరినొకరు అనుమానించుకున్నాం. నీళ్లు కాగేకొద్దీ వాటిలో ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది. రాత్రిపూట నాచు కూడా దాన్నే పీల్చుకుంటుంది. లోతు తగ్గిన చెరువు తొందరగా కాగుతుంది. అందుకే మట్టం, వేడి ఒకే పేజీలో రాయాలి. రోజూ అదే చోట, అదే లోతులో, అదే వేళకు చూడాలి.

పోయిన యాసంగికి ఆ పుస్తకం ముందు పెట్టుకునే కూర్చున్నాం. ఆయకట్టు మొత్తానికి వరి సాగదని తేలింది. చివరి మడులకు మొక్కజొన్న అన్నాం. గొడవ జరగలేదని కాదు, బాగానే జరిగింది. కానీ చివరి మడి ఎండలేదు.

ఒక్క మాట. తూము గడప బయటపడేది నీళ్లు అడుగంటే మే నెలలోనే. సున్నా గుర్తు అప్పుడే పెట్టుకోండి. జూన్ వానలు పడ్డాక పెడదామంటే దొరకదు.