నొప్పికి సిగ్గు అడ్డు రాకూడదు



రొమ్ములు పెద్దగా ఉన్న స్త్రీలకు వచ్చే వీపు పైభాగం నొప్పి గురించి ఈరోజు ఫిజియోథెరపీ పట్టా అందుకుంటున్న మీతో మాట్లాడాలని వచ్చాను. ఇంత పెద్ద సభలో ఈ మాట ఎత్తడానికి కారణం ఉంది. మన దగ్గరికి వచ్చే స్త్రీ "మెడ లాగేస్తోంది, రెక్కల మధ్య మంటగా ఉంది, జబ్బలు పీకుతున్నాయి" అంటుంది. అసలు కారణం తెలిసినా నోరు విప్పి చెప్పదు. మనమూ అడగం. నొప్పి మాత్రలతో, కాపడాలతో ఏళ్లు గడిచిపోతాయి.

నిండు బిందెను నడుముకు ఆనించుకుని నడవడం వేరు, అదే బిందెను చేతులు చాచి ముందుకు పట్టుకోవడం వేరు. బరువు అదే అయినా, అది వెన్నుకు దూరం జరిగేకొద్దీ వెనక కండరాల శ్రమ పెరుగుతుంది. ఛాతీ బరువుకు భుజాలు ముందుకు వాలుతాయి, పైవీపు గూనుతుంది, తల ముందుకు వస్తుంది. ట్రెపీజియస్, రాంబాయిడ్ కండరాలు రోజంతా సాగి అలసిపోతాయి. ముందువైపు పెక్టొరల్ కండరాలు బిగుసుకుపోతాయి. భుజాల మీద బ్రా పట్టీలు దిగిన గాడులు, రొమ్ముల కింద చెమటకు ఒరిసిపోయిన చర్మం, కొందరికి వేళ్లలో తిమ్మిరి కూడా ఉంటాయి. నిజామాబాద్, జగిత్యాల వైపు పొద్దంతా తల వంచి బీడీలు చుట్టే ఆమెకూ, హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయికీ ఆ కూర్చునే తీరు వల్ల బాధ ఇంకా పెరుగుతుంది.

అందుకని ముందు అడగండి. తెర వేసి, అనుమతి తీసుకుని, మర్యాదగా అడగండి. "బరువు తగ్గమ్మా" అని ఒక్క మాటతో పంపేయకండి. బరువు తగ్గితే కొందరికి మేలు జరుగుతుంది, నిజమే. కానీ సన్నగా ఉన్నవాళ్లకూ ఈ ఇబ్బంది ఉంటుంది.

అలాగని ప్రతి వీపు నొప్పినీ రొమ్ముల ఖాతాలో వేయకండి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గిపోవడం, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని నొప్పి ఉంటే వెన్నెముక క్షయను అనుమానించాలి. కాళ్లలో బలం తగ్గినా, రొమ్ములో గడ్డ తగిలినా వెంటనే డాక్టరు దగ్గరికి పంపాలి. ఆయాసం, చెమటలతో పాటు వీపు పట్టేస్తే అది గుండెపోటు కావచ్చు. ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు.

తర్వాత బ్రా సంగతి. మన ఊళ్లలో ఎంతోమంది దుకాణంలో ఒక అంకె చెప్పి, కొలత లేకుండా పొట్లం కట్టించుకుని వస్తారు. బరువును ప్రధానంగా మోయాల్సింది రొమ్ముల కింద చుట్టూ ఉండే పట్టీ, భుజాల మీది పట్టీలు కాదు. కింది పట్టీ వదులై వెనక పైకి జరిగితే భారమంతా భుజాల మీద పడుతుంది. రొమ్ముల కింద ఒక కొలత, నిండు భాగం మీద ఒక కొలత తీసుకోవడం, వెడల్పు పట్టీలు ఎంచుకోవడం ఆమెకు నేర్పండి. ఈ పని మహిళా ఫిజియోథెరపిస్టు చేస్తే ఆమెకు ఇంకా తేలిక.

వ్యాయామాలు ఇంట్లో కుదిరేవిగా ఉండాలి. గుమ్మానికి చేతులు ఆనించి ఛాతీ కండరాలు సాగదీయడం, చుట్టిన తువ్వాలు వీపు కింద పెట్టుకుని పడుకోవడం, సాగే బ్యాండుతో రెక్కల్ని వెనక్కి లాగడం చాలామందికి ఉపయోగపడతాయి. రొమ్ములు కదిలి నొప్పి పుడుతుందని, నలుగురూ చూస్తారని నడకే మానేసినవాళ్లు ఉంటారు. వాళ్లకు గట్టి స్పోర్ట్స్ బ్రా సగం ధైర్యం.

మన వైద్యానికీ ఒక హద్దు ఉంది. అమెరికాలో 2002లో ప్రచురితమైన బ్రావో అధ్యయనం, బాధ ఎక్కువగా ఉన్న స్త్రీలకు బరువు తగ్గడం, ఫిజియోథెరపీ, ప్రత్యేకమైన బ్రాలు శాశ్వత ఉపశమనం ఇవ్వలేదని, రొమ్ముల పరిమాణం తగ్గించే శస్త్రచికిత్స మేలు చేసిందని తేల్చింది. కొన్ని వారాలు క్రమం తప్పకుండా వ్యాయామాలు చేయించినా గుణం కనిపించకపోతే ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి పంపండి. మచ్చలు మిగులుతాయని, స్పర్శ తగ్గవచ్చని, పాలివ్వడం కష్టం కావచ్చని ముందే చెప్పించండి. నిర్ణయం మాత్రం ఆమెదే. ఆ శస్త్రచికిత్స అందం కోసం చేసే ఆర్భాటమని ఎవరైనా అంటే, కాదు, నొప్పికి వైద్యమని మీరు గట్టిగా చెప్పండి.

రేపు మీ ముందు కూర్చునే స్త్రీ ఈ మాట తనంతట తాను ఎత్తకపోవచ్చు. మీరే ఎత్తండి. ఆమె చెప్పేది చివరిదాకా వినండి.