ఇంటికీ ఇంటర్‌లాకింగ్ కావాలి

ఇంత ఎండలో, ఆదివారం సాయంత్రం, ఒక పిల్లల డాక్టరు చెప్పేది వినడానికి ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. ఉపన్యాసం తర్వాత పులిహోర ఉందని ఇందాకే తెలిసింది. సరే, కారణం ఏదైతేనేం, వచ్చారు, కూర్చున్నారు. పులిహోర చల్లారేలోగా ముగిస్తాను.

ఈ హాల్లో సగం మంది రైల్వేవాళ్ళు, మిగతా సగం రైల్వేవాళ్ళ పిల్లలు. మీ తాతలు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ వచ్చి ఇక్కడ బిలాస్‌పూర్‌లోనే ఉండిపోయారు. అందుకని మీకు తెలిసిన సంగతితోనే మొదలుపెడతాను. రైలును పట్టాలు మార్చే పాయింట్లు సరిగ్గా పడకపోతే కేబిన్‌లో సిగ్నల్ లీవరు కదలదు. కేబిన్‌మన్ ముప్ఫయ్యేళ్ళ అనుభవం ఉన్నవాడు కావచ్చు, ఇంట్లో జ్వరంతో ఉన్న కూతుర్ని తలుచుకుంటూ నైట్ డ్యూటీ చేస్తూ ఉండవచ్చు. పొరపాటున లీవరు మీద చెయ్యి వేసినా అది రాదు. ఇంటర్‌లాకింగ్ అనే ఈ ఏర్పాటుకి 1856లో జాన్ సాక్స్‌బీ అనే ఇంగ్లండు ఆయన పేటెంటు తీసుకున్నాడు. మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు పొరపాటు పడతాడని ముందే ఒప్పుకుని, ఆ పొరపాటు రైలు దాకా పోకుండా ఇనుముతో అడ్డం కట్టారు.

ఆ ఉద్యోగం చేసి ఇంటికి రాగానే మనం ఈ తెలివంతా గుమ్మం బయట వదిలేస్తాం. ఇంట్లో పిల్లల భద్రతకు మనకున్న రూలు ఒకటే: "అమ్మ చూసుకోవాలి."

క్యాజువాలిటీలో పిల్లల డాక్టర్లు వినే మాట కూడా ఒకటే. "ఒక్క క్షణం అటు తిరిగానండీ." ఆ తల్లి అబద్ధం చెప్పడం లేదు. పాలు పొంగుతాయి, ఫోను మోగుతుంది, గ్యాస్‌వాడు తలుపు కొడతాడు. ఏ తల్లయినా రోజుకు వందసార్లు అటు తిరుగుతుంది. వెనకాలే అత్తగారు, "పిల్లాణ్ణి కనిపెట్టుకుని ఉండడం చేతకాదు" అంటారు. భర్త నేల చూపులు చూస్తాడు. నాకు కోపం వచ్చేది అక్కడే. తప్పెవరిదో తేల్చుకుని అందరూ ఇంటికి వెళతారు, పిల్లాణ్ణి కాల్చిన వేడినీళ్ళ బకెట్టు మాత్రం మర్నాడు కూడా అక్కడే ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 2008లో పిల్లల ప్రమాదాల మీద ఒక పెద్ద నివేదిక వేశాయి. అప్పటి లెక్క ప్రకారం ప్రపంచంలో ఏటా 8 లక్షల 30 వేల మంది పిల్లలు ప్రమాదాల వల్ల చనిపోతున్నారు, అంటే రోజుకు రెండు వేల పైమాటే. రోడ్డు ప్రమాదాలు, నీళ్ళలో మునగడం, కాలడం, పడిపోవడం, విషం మింగడం, ముఖ్యంగా ఈ అయిదూ. చివరి నాలుగింట్లో చాలా భాగం ఇంట్లోనో, ఇంటి చుట్టుపక్కలో జరిగేవే.

మన పక్కనే జరిగింది చెప్తాను. 2022 జూన్ 10న, జాంజ్‌గీర్-చాంపా జిల్లా పిహరీద్ అనే ఊళ్ళో, పదేళ్ళ పిల్లాడు సొంత ఇంటి పెరట్లో తవ్వించిన బోరుబావిలో పడ్డాడు. అడవిలో కాదు, పక్కూళ్ళో కాదు, పెరట్లో. వాడికి సరిగ్గా వినిపించదు, మాట్లాడలేడు. సుమారు అరవై అడుగుల లోతున ఇరుక్కున్నాడు. ఎన్‌డీఆర్‌ఎఫ్ వచ్చింది, సైన్యం వచ్చింది, బొగ్గు గనుల మనుషులు వచ్చారు. పక్కన ఇంకో గొయ్యి తవ్వి, అడ్డంగా సొరంగం చేస్తుంటే బండరాయి అడ్డం పడింది. వంద గంటలకు పైగా పట్టింది. 14వ తేదీ రాత్రి వాణ్ణి ప్రాణాలతో పైకి తీసి, దారంతా ఖాళీ చేయించి మన బిలాస్‌పూర్ తీసుకొచ్చి అపోలో ఆసుపత్రిలో చేర్చారు. బతికాడు. ఊరంతా టపాకాయలు కాల్చింది. మంచిదే, నేనూ సంతోషించాను. కానీ ఆ వంద గంటల శ్రమ ఒక ఇనుప మూత చేసే పని. సుప్రీం కోర్టు 2010లోనే స్పష్టంగా చెప్పింది: బోరు చుట్టూ సిమెంటు దిమ్మ కట్టాలి, కేసింగు పైపుకు స్టీలు ప్లేటు వెల్డింగు చేయాలి లేదా బోల్టులతో బిగించాలి, పనికిరాని బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్ళతో పూడ్చాలి. ఊళ్ళో మీ అన్నదమ్ముల పొలంలో ఎండిపోయిన బోరు మీద గోనెసంచి కప్పి రాయి పెట్టి ఉంటే, ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు ముందు దాని సంగతి చూడండి.

ఇక వంటింట్లోకి రండి. ఎక్కువసేపు ఇక్కడే ఉంటాను.

మన వాళ్ళకు గంజి వార్చే అలవాటు ఇంకా పోలేదు, పోనక్కర్లేదు కూడా. కానీ వార్చిన గంజి గిన్నె ఎక్కడ పెడతాం? నేల మీద, గోడవార, చల్లారడానికి. పాకే పిల్లకు అది సరిగ్గా చేతికందే ఎత్తు. గంజి నీళ్ళలా జారిపోదు, చిక్కగా ఒంటికి అతుక్కుని లోపలిదాకా కాలుస్తుంది. పప్పు, సాంబారు కూడా అంతే. వినాయక చవితి పందిట్లో, అన్నప్రాశన భోజనాల్లో పెద్ద డేగిసాలు నేల మీద దించుతారు, చుట్టూ పిల్లలు పరుగులు పెడుతుంటారు. 2019 నవంబరులో కర్నూలు జిల్లా పాణ్యంలో, ఒక బడిలో భోజనానికి లైనులో వెళుతున్న ఆరేళ్ళ బాబు సాంబారు పాత్రలో పడి చనిపోయాడు. ఈ హాల్లో వంటలు చేయించేవాళ్ళకు నా విన్నపం: డేగిసాలు పెట్టే చోటుకు తాడు కడితే చాలదు, పిల్లలు తాడు కింద నుంచి దూరతారు. బల్లలు అడ్డం వేయండి.

శీతాకాలంలో బకెట్లో రాడ్డు పెట్టి నీళ్ళు కాస్తాం. ఆ నీళ్ళు ఎంత వేడెక్కాయో ఎవరూ చూడరు. 60 డిగ్రీల నీళ్ళు పెద్దవాళ్ళ చర్మాన్ని తీవ్రంగా కాల్చడానికి అయిదు సెకన్లు చాలు. 49 డిగ్రీలైతే అయిదు నిమిషాలకు పైనే పడుతుంది. పసిపిల్లల చర్మం పల్చన కాబట్టి వాళ్ళకు ఇంకా తక్కువ సమయం చాలు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం 1983లో ఒక చట్టం చేసింది: ఇళ్ళకు అమర్చే కొత్త గీజర్లను 49 డిగ్రీల దగ్గర పెట్టే ఇవ్వాలని. తర్వాతి సంవత్సరాల్లో అక్కడ కుళాయి వేడినీళ్ళతో కాలి ఆసుపత్రిలో చేరే పిల్లలు సగానికి పైగా తగ్గారు. తల్లులకు క్లాసు పీకి ఊరుకోలేదు. ఒక మర తిప్పి ఇచ్చారు. మీ గీజరుకూ ఆ మర ఉందేమో చూడండి. రాడ్డు వాడేవాళ్ళు బాత్రూం తలుపుకు బయట, పైన గడియ పెట్టించుకోండి, నీళ్ళు కాగేంతసేపూ వేసి ఉంచండి. తొట్టిలో ముందు చన్నీళ్ళు, ఆ తర్వాతే వేన్నీళ్ళు.

కాలితే ఏం చేయాలి? కుళాయి కింద, మామూలు నీళ్ళ ధార, ఇరవై నిమిషాలు. గడియారం చూసి ఇరవై. ఐసు వద్దు, పేస్టు వద్దు, పసుపు, నెయ్యి, సిరా ఏదీ వద్దు. తర్వాత ఉతికిన గుడ్డ కప్పి తీసుకురండి. పేస్టు పూసి తెస్తే, దాన్ని కడగడానికి మేము ఆ పిల్లను ఇంకోసారి ఏడిపించాలి.

విషాల సంగతి. మీ ఇంట్లో విషం లేదనుకుంటున్నారా? దేవుడి గదిలో కర్పూరం ఉంది కదా. పటికబెల్లంలా తెల్లగా ఉంటుంది, ప్రసాదం దగ్గరే ఉంటుంది. రెండేళ్ళ పిల్ల ఒకటి రెండు బిళ్ళలు మింగితే నిమిషాల్లో ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. జలుబుకు ఛాతీ మీద కర్పూరం నూనె రాసే మామ్మలు నన్ను క్షమించాలి, పసిబిడ్డలకు అదీ మంచిది కాదు. నీలగిరి తైలం కూడా అంతే. బీరువాలో కలరా ఉండలు మరో రకం. కొందరు పిల్లలకు పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైము తక్కువ ఉంటుంది, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. అలాంటి పిల్లలకు ఆ ఉండలు మింగితేనే కాదు, వాటి మధ్య దాచిన బట్టలు తొడిగినా రక్తం విరిగిపోయి కామెర్లు రావచ్చు. పాత చీరలతో బొంతలు కుట్టి పురిటికి దాచేవాళ్ళు అందులో కలరా ఉండలు వేయకండి.

కిరోసిన్ ఇప్పుడు తగ్గింది. కానీ గోడ ప్లగ్గుకు పెట్టే దోమల మందు సీసాలో ఉండేది ముఖ్యంగా అలాంటి నూనే. ఇలాంటివి తాగిన పిల్లకు వాంతి చేయించకూడదు. కడుపులో చేసే హాని కన్నా, పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారి చేసే హాని ఎక్కువ. ఉప్పునీళ్ళు తాగించడం, గొంతులో వేలు పెట్టడం ఈ రోజుతో మానేయండి. బాత్రూం యాసిడ్ కూడా అంతే. అసలు యాసిడ్ కొనేదే కూల్‌డ్రింకు సీసాలో! బండి మీద వచ్చేవాడు దాంట్లోనే పోసి ఇస్తాడు. తాగే సీసాలో తాగనిది పోయకూడదు. ఇంట్లో ఒక్క నియమమే పెట్టుకుంటామంటే నేను దీన్నే పెట్టమంటాను. దక్షిణాఫ్రికాలో పిల్లలు తెరవలేని మూతలున్న కిరోసిన్ డబ్బాలు ఇంటింటికీ పంచితే, అక్కడ కిరోసిన్ తాగిన పిల్లల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది.

ఇంకొకటి, ఊరి నుంచి తాతయ్యలు వస్తారు. వస్తూ మందుల సంచీ తెచ్చి తలగడ కింద పెట్టుకుంటారు. కొన్ని రకాల షుగర్ మాత్రలు ఒక్కటి మింగినా పసివాడికి రక్తంలో చక్కెర ప్రాణం మీదకు వచ్చేంత పడిపోగలదు, అదీ కొన్ని గంటల తర్వాత. పిల్లాడు ఆడుకుంటున్నాడు కదా అని ఊరుకోకండి. తాతయ్యగారి సంచీకి గోడ మీద ఎత్తున ఒక మేకు కొట్టండి. అల్లుడి ఇంటి గోడకు మేకు కొట్టడమా అని మొహమాటపడతారేమో, అల్లుడుగారే కొట్టాలి.

మాత్రల సంగతి వచ్చింది కాబట్టి: రిమోట్లలో, వెలిగే బొమ్మల్లో ఉండే గుండ్రటి చిన్న బ్యాటరీ మింగి అది అన్నవాహికలో ఇరుక్కుంటే, రెండు గంటల్లో కాల్చడం మొదలుపెడుతుంది. రేపు దొడ్డికి పోతుందిలే అని ఎదురుచూడకూడదు. పల్లీలు, వేయించిన శనగలు, సీతాఫలం గింజలు నాలుగేళ్ళ లోపు పిల్లల చేతికి ఇవ్వకండి. వాకర్ కొనకండి. కెనడా 2004లో దాన్ని పూర్తిగా నిషేధించింది. పిల్ల అందులో కూర్చుని మీరు లేచేలోగా మెట్ల దాకా వెళ్ళిపోతుంది. దానివల్ల నడక తొందరగా రాదు కూడా.

ఇప్పుడు కూలర్. మే నెలలో ఈ ఊళ్ళో 45 డిగ్రీలు దాటుతుంది, కూలర్ లేకుండా బతకలేం. ఇనుప రేకు పెట్టె, లోపల నీళ్ళు, మోటారు, పంపు. కింద తడి నేల, దాని మీద చెప్పుల్లేని పిల్లాడు. వైరు ఎక్కడో రాపిడికి గీసుకుపోతే పెట్టె మొత్తానికి కరెంటు వస్తుంది. ఎర్త్ సరిగ్గా ఉంటే ఆ కరెంటు నేలలోకి పోతుంది, ఫ్యూజు ఎగురుతుంది. లేకపోతే పిల్లాడి ఒంట్లోంచే దాని దారి. మనం చేసేదేమిటి? మూడు పిన్నుల ప్లగ్గు బోర్డుకు సరిపోవడం లేదని లావు పిన్ను విరగ్గొడతాం, లేదా రెండు వైర్లు నేరుగా సాకెట్లో గుచ్చి అగ్గిపుల్లలు దోపుతాం. మీలో లోకో షెడ్డులో, ఎలక్ట్రికల్ సెక్షన్‌లో పనిచేసేవాళ్ళు ఉన్నారు. డ్యూటీలో ఇలా చేస్తే చార్జిషీటు ఇస్తారు! మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. కరెంటు కొంచెం దారి తప్పగానే రెప్పపాటులో సప్లయి కోసేస్తుంది. ఖర్చు రెండు మూడు వేలు. కూలర్లో నీళ్ళు పోసే ముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు బయటికి లాగండి. ఆ పని పిల్లలకు చెప్పకండి.

చలికాలానికి సిగ్డీ. తలుపులు మూసిన గదిలో బొగ్గుల సిగ్డీ పెట్టుకుని పడుకోవద్దు. బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, మత్తుగా నిద్ర పట్టినట్టే ఉంటుంది. వానాకాలానికి కట్లపాము. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది, కరిచినట్టు నొప్పి కూడా తెలియదు. తెల్లారేసరికి పిల్లకు కడుపునొప్పి, వాంతి, రెప్పలు వాలిపోవడం ఉంటే మంత్రం వేసే బైగా దగ్గరికి కాదు, నేరుగా ఆసుపత్రికి. మంచం మీద పడుకోబెట్టి, దోమతెర అంచులు పరుపు కిందకు దోపితే దోమా రాదు, పామూ రాదు.

కొందరు పెద్దలు అడుగుతారు, "మేమంతా ఇలాగే పెరిగాం కదా, మాకేమయింది?" అని. నిజమే, మీకేమీ కాలేదు. అయినవాళ్ళు ఈ హాల్లో కూర్చుని ఆ ప్రశ్న అడగలేరు.

న్యూయార్కులో 1970ల మొదట్లో కిటికీల నుంచి పడి పిల్లలు చనిపోతుంటే నగర ఆరోగ్య శాఖ ఒక కార్యక్రమం పెట్టింది. ముందు ఇల్లిల్లూ తిరిగి చెప్పారు, కిటికీ కడ్డీలు ఉచితంగా ఇచ్చారు. బ్రాంక్స్ ప్రాంతంలో రెండేళ్ళలో ఆ ప్రమాదాలు సగానికి తగ్గాయి. 1976లో, పదేళ్ళ లోపు పిల్లలున్న అద్దె ఇళ్ళకు కడ్డీలు పెట్టించడం ఇంటి యజమాని బాధ్యత అని నియమం చేశారు. మనకు ఆ నియమం లేదు. కానీ సంఘాలున్నాయి, కాలనీలున్నాయి. క్వార్టర్లో ఎర్త్ పరీక్ష చేయమని, డాబాకు పిట్టగోడ ఎత్తు పెంచమని, సంపుకు తాళం పడే మూత వేయమని పదిమంది కలిసి రాసివ్వండి. ఒక్కడు రాస్తే కాగితం, పదిమంది రాస్తే ఫైలు.

ఈ నంబరు రాసుకోండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో విష సమాచార కేంద్రం ఉంది, రాత్రీ పగలూ పలుకుతుంది: 1800 116 117. ఏం మింగాడో, ఎంత మింగాడో, ఎప్పుడు మింగాడో చెప్పండి. ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఆ సీసా, ఆ మాత్రల అట్ట చేత్తో పట్టుకు రండి. అంబులెన్సుకు 108.

పులిహోర తినే ముందు ప్రశ్నలు అడగండి. ఇంటికి వెళ్ళాక మాత్రం ఈ రాత్రే కూలర్ ప్లగ్గుకు మూడో పిన్ను ఉందో లేదో చూడండి. లేకపోతే, రేపు ప్లగ్గు మార్పించేదాకా ఒక్క రాత్రి ఫ్యాను కిందే పడుకోండి.