డీజిల్ లెక్క మన చేతిలో ఉండాలి

(సంఘం మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి కోతలప్పుడు ధాన్యం రవాణా ఖర్చుల మీద వినతిపత్రం పట్టుకుని మనం వెళ్లాం. అక్కడి అధికారి ఒక ప్రశ్న అడిగారు. "డీజిల్ భారం, డీజిల్ భారం అంటున్నారు. క్వింటాలుకు ఎంత పడుతోందండీ?" అన్నారు. మనలో ఒకరు పది రూపాయలన్నారు, ఒకరు ముప్పై అన్నారు, ఇంకొకరు "అంతా దానికే పోతోంది సార్" అన్నారు. ఆయన నవ్వి కాగితం పక్కన పెట్టారు.

ఆ నవ్వు మనకు తగిలింది. తగలాల్సిందే. ఎరువు బస్తాల లెక్క రాసుకుంటాం, కూలీల లెక్క గోడ మీదైనా గీసుకుంటాం. ట్రాక్టర్ తాగే డీజిల్ మాత్రం బంకులో డబ్బు ఇచ్చి మరిచిపోతాం. అందుకే ఈరోజు ట్రాలీ లాగే ట్రాక్టర్‌కు డీజిల్ ఎక్కడ పోతోందో, అందులో మన చేతిలో ఎంత ఉందో, మన చేతిలో లేనిది ఎవరిని అడగాలో మాట్లాడుకుందాం.

ముందు కొలవాలి

"నా బండి లీటరుకు ఇంత ఇస్తుంది" అని అందరం చెబుతాం. కొలిచి చెప్పేవాళ్లు తక్కువ. కొలవడం కష్టమేమీ కాదు. బండిని చదునైన చోట నిలిపి ట్యాంకు మూతి దాకా నింపండి. ఒక ట్రిప్పు పూర్తిగా తిరిగి రండి. అదే చోట నిలిపి మళ్లీ మూతి దాకా నింపండి. రెండోసారి ఎన్ని లీటర్లు పట్టిందో అదే మీ ఖర్చు. చాలా ట్రాక్టర్లకు కిలోమీటర్ల మీటరు ఉండదు, గంటల మీటరే ఉంటుంది. కాబట్టి దూరం కోసం అదే దారిలో ఒకసారి మోటార్ సైకిల్ మీద వెళ్లి చూసుకోండి. బరువుకు కాటా చీటీ ఉండనే ఉంటుంది.

ఒక లెక్క చూద్దాం. ఇది ఊహించి వేసిన లెక్కే, మీ అంకెలు మీరు పెట్టుకోండి. మిల్లు 12 కిలోమీటర్లు. 40 కిలోల బస్తాలు వంద వేశాం, అంటే 40 క్వింటాళ్లు. పోయేటప్పుడు 4 లీటర్లు, ఖాళీగా వచ్చేటప్పుడు 2 లీటర్లు. మిల్లు గేటు దగ్గర మూడు గంటల క్యూలో ఇంజను ఆపకుండా ఉంచితే గంటకు సుమారు లీటరు చొప్పున 3 లీటర్లు. మొత్తం 9 లీటర్లు. లీటరు 96 రూపాయలనుకుంటే 864 రూపాయలు. క్వింటాలుకు 21 రూపాయల 60 పైసలు. క్యూలో కాలిన మూడు లీటర్లు తీసేస్తే క్వింటాలుకు 14 రూపాయల 40 పైసలే. అంటే మూడో వంతు డీజిల్ చక్రం తిరగకుండానే పోయింది. ఆ రోజు ఈ ఒక్క అంకె మన దగ్గర ఉంటే ఆ అధికారి నవ్వేవారు కాదు.

డీజిల్ తాగేది ఇంజనే కాదు, దారి కూడా

మంచి తారు రోడ్డు మీద ఒక టన్ను బరువును నడిపించడానికి సుమారు 20 నుంచి 30 కిలోల లాగుడు చాలు. గట్టి మట్టి బాట మీద 50 నుంచి 80 కిలోలు కావాలి. బురదలో, వదులు ఇసుకలో 150 కిలోలు దాటిపోతుంది. ట్రాక్టర్, ట్రాలీ, ధాన్యం కలిపి ఏడు టన్నులనుకోండి. తారు మీద రెండు వందల కిలోల లోపు లాగుడుతో పోయే బండి, బురద డొంకలో వెయ్యి కిలోలకు పైగా లాగాలి. ఆపైన చక్రం జారుతుంది. చక్రం వంద అడుగులు తిరిగితే బండి డెబ్బై అడుగులే కదులుతుంది. మిగతా ముప్పై అడుగుల డీజిల్ బురదకు పోసినట్టే. డొంక అనండి, పుంత అనండి, బండ్ల బాట అనండి, వానపడ్డాక అందులో ఒక్క కిలోమీటరు, తారు రోడ్డు మీద ఐదారు కిలోమీటర్లతో సమానం. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మన చేతిలో ఉన్నవి

ఒకటి, టైర్లలో గాలి. దున్నేటప్పుడు పట్టు కోసం వెనక టైర్లలో గాలి తక్కువ ఉంచుతాం. అదే గాలితో రోడ్డెక్కితే టైరు అణిగి, వేడెక్కి, బండి బరువుగా లాగుతుంది. పొలానికి ఎంత, రోడ్డుకు ఎంత అన్నది ట్రాక్టర్‌తో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ట్రాలీ టైర్లను మనం అసలు చూడం. బరువంతా మోసేది అవే.

రెండు, అనవసర బరువు. దున్నకానికి బిగించిన ఇనుప బరువులు, టైర్లలో నింపిన నీళ్లు చాళ్లలో పనికొస్తాయి. నెల రోజులు రవాణా పనే ఉంటే పుస్తకం చెప్పిన మేరకు వాటిని తీసేయవచ్చు. అయితే ముందు చక్రాలు తేలిపోయే పరిస్థితి వస్తే ముందు బరువులు మాత్రం తీయకండి.

మూడు, గేరు. ఖాళీ ట్రాలీతో వచ్చేటప్పుడు చిన్న గేరులో రేజు పెంచి నడపడం చాలామందికి అలవాటు. పైగేరు వేసి రేజు తగ్గించండి. తక్కువ బరువుకు ఇంజను 1,400 - 1,600 చుట్ల మధ్య తిరిగితే చాలు. కానీ అతి చేయకూడదు. బరువు మీద పైగేరులో ఇంజను మూలుగుతుంటే, గొట్టం నల్లగా ఊదుతుంటే వెంటనే గేరు తగ్గించండి. నల్లపొగ అంటే సరిగా కాలని డీజిల్.

నాలుగు, గాలి వడపోత. నూర్పిళ్ల రోజుల్లో ఎయిర్ క్లీనర్ నిండా ఊకదుమ్ము చేరుతుంది. మనిషి ముక్కు మూసి పరిగెత్తించినట్టే ఇంజను పరిస్థితి. ఆయిల్ ఉండే రకమైతే ఆ రోజుల్లో రోజూ విప్పి చూసుకోండి.

ఐదు, కారడం. సెకనుకు ఒక్క చుక్క కారితే రోజుకు 86,400 చుక్కలు. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే రోజుకు నాలుగు లీటర్లకు పైనే. నట్టు బిగించడానికి ఐదు నిమిషాలు పట్టదు.

ఆరు, క్యూలో ఇంజను. ఆపమంటే డ్రైవర్ తమ్ముళ్లు చెప్పే కారణం మనకు తెలుసు. "ఆపితే మళ్లీ స్టార్ట్ కాదన్నా, నలుగురు తొయ్యాలి." బ్యాటరీ పోయింది, కొత్తది కొనడానికి చేతులు రావు. మన లెక్కలో ఒక్క క్యూకు 288 రూపాయలు పోయాయి. సీజనులో పాతిక ట్రిప్పులు వేసేవాడికి అది 7,200 రూపాయలు. ఆ డబ్బుతో కొత్త బ్యాటరీ వస్తుంది.

ఏడు, దిగుడు. ఇది డీజిల్ కంటే ప్రాణానికి సంబంధించినది. వంతెన దిగేటప్పుడు, గట్టు దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే డీజిల్ మిగులుతుందని చాలామంది నమ్మకం. అది తప్పు. గేరులో ఉంచి రేజు పూర్తిగా వదిలేస్తే చక్రాలే ఇంజనును తిప్పుతాయి, పంపు డీజిల్‌ను దాదాపు ఆపేస్తుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ కాలుతూనే ఉంటుంది. పైగా మన ట్రాలీల్లో చాలావాటికి బ్రేకులు లేవు. న్యూట్రల్‌లో వెనక నుంచి నాలుగైదు టన్నులు తోస్తుంటే ట్రాక్టర్ అడ్డం తిరుగుతుంది. ఎక్కేటప్పుడు ఏ గేరు వేస్తామో దిగేటప్పుడూ అదే గేరు.

బరువు ఎక్కించే తీరు కూడా ఇక్కడే చెప్పాలి. రెండు చక్రాల ట్రాలీలో బరువంతా వెనక్కి వేస్తే హుక్ పైకి లేస్తుంది, ట్రాక్టర్ వెనక చక్రాల పట్టు పోతుంది. కాస్త బరువు ముందుకు ఉండాలి. ట్రాలీని టాప్ లింక్‌కు తగిలించి లాగకూడదు, ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. ఒక ట్రిప్పు మిగులుతుందని మోతాదుకు మించి వేయడం ఆదా కాదు. అలాగని ఇరవై బస్తాలతో వెళ్లడమూ దండగే. ధాన్యం ఉన్నా లేకున్నా మూడు టన్నులకు పైగా ఇనుము వెళ్లి రావాల్సిందే. ఇద్దరు ముగ్గురు చిన్న రైతులు కలిసి ఒక ట్రాలీ నింపుకుంటే, వచ్చేటప్పుడు ఎరువులో పశువుల దాణానో వేసుకుంటే, క్వింటాలు ఖర్చు అక్కడే తగ్గుతుంది.

కూరగాయల రైతులు బొలెరోలాంటి పికప్‌లలో సరుకు పంపుతారు. అక్కడ లెక్క కొంచెం వేరు. ట్రాక్టర్ నెమ్మదిగా పోతుంది కాబట్టి దానికి గాలి అడ్డు పెద్దగా ఉండదు. పికప్‌కు ఉంటుంది. 60 వేగంతో పోయే బండి 80 అందుకుంటే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. క్యాబిన్ కంటే ఎత్తుగా క్రేట్లు పేర్చి, పట్టా వదులుగా ఎగురుతుంటే ఇంకా ఎక్కువ. సరుకు తగ్గించి పేర్చండి, పట్టా బిగించి కట్టండి, తెల్లవారుజామున అరగంట ముందు బయలుదేరండి.

మన చేతిలో లేనివి

ఇవన్నీ చేశాం అనుకుందాం. గాలి సరిచూశాం, గేరు మార్చాం, బ్యాటరీ వేశాం. అయినా డొంకలో బురద అలాగే ఉంటుంది. మిల్లు గేటు దగ్గర క్యూ అలాగే ఉంటుంది. బంకులో ధర అలాగే ఉంటుంది. రైతు పొదుపు నేర్చుకుంటే చాలు, సమస్య తీరినట్టే అని చెప్పేవాళ్లు ఉంటారు. మనం ఆ మాట ఒప్పుకోము. మన తప్పు మనం దిద్దుకుందాం, వాళ్ల బాధ్యత వాళ్లకు గుర్తుచేద్దాం.

2014 అక్టోబరులో డీజిల్ ధర మీద కేంద్రం నియంత్రణ ఎత్తేసింది. 2020 మే నాటికి లీటరు డీజిల్ మీద కేంద్ర ఎక్సైజ్ సుంకం 31 రూపాయల 83 పైసలకు చేరింది. 2021 నవంబరులో పది రూపాయలు, 2022 మేలో ఆరు రూపాయలు తగ్గించారు. 2025 ఏప్రిల్‌లో మళ్లీ రెండు రూపాయలు పెంచడంతో 17 రూపాయల 80 పైసలైంది. ఆ లెక్కన మన తొమ్మిది లీటర్ల ట్రిప్పులో కేంద్ర సుంకమే 160 రూపాయలయ్యేది. దాని మీద రాష్ట్రాల వ్యాట్ ఉంది. తెలంగాణలో 27 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 22.25 శాతంతో పాటు లీటరుకు మరో నాలుగు రూపాయలు, రోడ్డు అభివృద్ధి సెస్సు ఒక రూపాయి. డీజిల్ జీఎస్టీలో లేదు కాబట్టి కట్టిన పన్ను మనకు ఏ రూపంలోనూ తిరిగి రాదు.

2021 బడ్జెట్‌లో డీజిల్ మీద లీటరుకు నాలుగు రూపాయల సెస్సు పెట్టారు. దాని పేరు వ్యవసాయ మౌలిక సదుపాయాల, అభివృద్ధి సెస్సు. అప్పుడు ఆ మేరకు ఇతర సుంకాలు తగ్గించారు కాబట్టి దానివల్ల ధర పెరగలేదు, నిజమే. కానీ మన పేరు మీద వసూలు చేస్తున్నారు. మరి పొలం నుంచి తారు రోడ్డు దాకా ఉన్న ఆ కిలోమీటరు డొంక వ్యవసాయ మౌలిక సదుపాయం కాదా? లీటరుకు నాలుగు రూపాయలు కడుతున్న ట్రాక్టరే ఆ డొంకలో దిగబడుతోంది. ఈ ప్రశ్న మనం అడగాలి.

రాయితీ అడగడం కొత్త కోరికా కాదు, వింత కోరికా కాదు. ఆంధ్రప్రదేశ్‌లో వేటకు వెళ్లే మరపడవలకు లీటరుకు 6 రూపాయల 3 పైసలుగా ఉన్న డీజిల్ రాయితీని 2019లో తొమ్మిది రూపాయలు చేశారు. బీహార్‌లో వానలు ముఖం చాటేసిన ఏడాది తడులకు డీజిల్ సబ్సిడీ ఇచ్చారు. బ్రిటన్‌లో పొలం పనులకు వాడే డీజిల్‌కు ఎర్ర రంగు కలిపి తక్కువ సుంకంతో ఇస్తారు. అమెరికాలో సేద్యానికి వాడే రంగు డీజిల్‌కు రోడ్డు పన్ను ఉండదు. కడలి మీద చెమటోడ్చేవాడికి ఇచ్చినది చేలో చెమటోడ్చేవాడికి ఎందుకు ఇవ్వకూడదు?

కాబట్టి మన కోర్కెలు మూడు. సేద్యానికి, పంట రవాణాకు వాడే డీజిల్ మీద పన్నులో కొంత రైతు ఖాతాకు తిరిగి రావాలి. కౌలు రైతుకూ రావాలి. ఉపాధి హామీ పనుల్లో పొలం బాటలు వేసుకున్న ఊళ్లున్నాయి. మిగతా ఊళ్ల డొంకలనూ కంకర వేసి గట్టి చేయాలి. మిల్లుల దగ్గర ఏ బండి ఏ పూట రావాలో ముందే టోకెన్ ఇచ్చి, ఆ టోకెన్ ప్రకారమే దిగుమతి చేయాలి. ఆలస్యమైతే వెయిటింగ్ కిరాయి రైతు మీద పడకూడదు.

ఈ సీజనులో చేయాల్సిన పని

ఊరికి పది బండ్లు ఎంచుకుందాం. ప్రతి బండికి ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం. ట్రిప్పు తేదీ, కాటా బరువు, తారు ఎన్ని కిలోమీటర్లు, డొంక ఎంత, పట్టిన డీజిల్, గేటు దగ్గర ఆగిన సమయం, వదిలిన సమయం. ఈ ఏడూ రాయాలి. డ్రైవర్‌కు రాయడం రాకపోతే ఇంట్లో బడికి పోయే పిల్లలు రాస్తారు. బంకు చీటీ, కాటా చీటీ ఆ పేజీకే పిన్ను కొట్టండి. ఎక్కువ చేసి రాయొద్దు, తక్కువ చేసి రాయొద్దు. ఒక్క దొంగ అంకె దొరికితే మిగతావన్నీ చిత్తుకాగితాలవుతాయి.

కోతలు అయ్యాక ఆ పుస్తకాలన్నీ ఒకచోట పెట్టుకుని ఊరివారీగా లెక్క తీద్దాం. మళ్లీ అదే ఆఫీసుకు వెళ్దాం. "క్వింటాలుకు ఎంత పడుతోందండీ?" అని అడిగితే ఈసారి ఎవరూ పది, ముప్పై అని తలో మాట అనక్కర్లేదు. డొంకకు ఎంత, క్యూకు ఎంత, పన్నుకు ఎంత అని విడివిడిగా చూపించి, పుస్తకాలు ఆయన బల్ల మీదే పెడదాం.

అంతవరకు బండి ఆపిన ప్రతిసారీ ఇంజను ఆపండి. దిగుడులో గేరు తీయకండి. చీకటి పడితే ట్రాలీ వెనక రేడియం స్టిక్కరు లేకుండా రోడ్డెక్కకండి. ధాన్యంతో వెళ్లిన మనిషి ఇంటికి క్షేమంగా రావడమే అన్నిటికంటే పెద్ద ఆదా.

సెలవు.