స్విచ్చిలోనే టెస్ట్ డెస్కు ఉంది
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను, డి.ఆర్., వైద్య బిల్లుల గురించి సాధికారంగా మాట్లాడగలవారు మనలో చాలామంది ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం నెట్‌వర్కు స్విచ్చి గురించి చెప్పమని కోరినారు. దీనివల్ల మనకేమి ప్రయోజనమని కొందరు అనుకోవచ్చు. గత నవంబరులో మన హాలు దగ్గర వరుసలో నిలబడినవారు మాత్రం అలా అనుకోరని నా నమ్మకం.

స్విచ్చి అనే మాట మనకు కొత్తది కాదు. 1891లో ఆల్మన్ స్ట్రోజర్ పేటెంటు పొందిన నాటినుంచి టెలిఫోను వారికి స్విచ్చి అంటే ఎక్స్ఛేంజే. ఫోను పనిచేయటం లేదని చందాదారుడు ఫిర్యాదు చేస్తే మనం ఎక్స్ఛేంజి మార్చేవాళ్ళమా? టెస్ట్ డెస్కు నుంచి ఆ లైను పట్టుకుని మీటరు ముల్లు చూసేవాళ్ళం. ముల్లు ఒక్కసారి ఎగిరిపడితే అవతల గంటలోని కండెన్సరు దాకా లైను ఉన్నట్టు. ఎగరకపోతే దారిలో ఎక్కడో తెగినట్టు. భూమిలోని కేబులుకు తడి తగిలి ఎర్తు అయితే ముర్రే లూప్ బ్రిడ్జి పెట్టి, లెక్కకట్టి, ఫలానా చోట తవ్వమని చెప్పేవారు. ముందు పరీక్ష, తరువాతే పలుగు.

ఈనాటి మేనేజ్డ్ స్విచ్చిలో ఆ టెస్ట్ డెస్కు లోపలే ఉంది. దాన్ని అడిగేవారే తక్కువ. నెట్‌వర్కు ఆగితే స్విచ్చి ఆపి మళ్ళీ వేస్తారు. అప్పటికీ రాకపోతే స్విచ్చి పోయిందంటారు.

నవంబరులో జరిగిందీ అదే. లైఫ్ సర్టిఫికెట్లకు మన హాలులో వేలిముద్ర యంత్రాలు పెట్టాం. నెలాఖరుకు మూడు రోజులే గడువు. ఆ లోపల సర్టిఫికెట్ అందకపోతే పెన్షను ఆగుతుందని మీకు వేరే చెప్పనక్కరలేదు. చక్రాల కుర్చీలో వచ్చినవారు కూడా ఉన్నారు. కింది గదిలోని కంప్యూటరుకు లైను పోయింది. మరమ్మతుకు వచ్చిన అబ్బాయి, "స్విచ్చి పోయింది సార్, కొత్తది రావాలంటే నాలుగు రోజులు" అన్నాడు. "ఉండు నాయనా, ముందు దాన్నే అడుగుదాం" అన్నాను.

ఆ తీగను పక్క పోర్టులో పెట్టి చూశాం. లైటు వెలగలేదు. బాగా పనిచేస్తున్న ఇంకో తీగను పాత పోర్టులో పెట్టాం. వెలిగింది. కనుక పోర్టు దోషం కాదు. ఇక కన్సోలు కేబులు తగిలించి 'షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్' కొట్టాం. ఆ పోర్టుకు ఎదురుగా 'నాట్ కనెక్ట్' అని ఉంది. అక్కడ 'ఎర్ర్ డిసేబుల్డ్' అని ఉంటే కథ వేరు. అది స్విచ్చి తనంత తానే పోర్టు మూసుకున్నట్టు. తీగ వెతకటం దండగ, మూసుకున్న కారణం వెతకాలి.

తరువాత 'టెస్ట్ కేబుల్ డయాగ్నస్టిక్స్ టి.డి.ఆర్.' అనే ఆదేశం ఇచ్చాం. స్విచ్చి తీగలోకి చిన్న విద్యుత్ తరంగాన్ని పంపుతుంది. తెగినచోట తగిలి అది వెనక్కి వస్తుంది. తీగలో సంకేతం కాంతివేగంలో సుమారు మూడింట రెండు వంతుల వేగంతో పోతుంది గనుక, పోయివచ్చిన కాలాన్నిబట్టి దూరం తెలుస్తుంది. బావిలోకి కేక వేసి లోతు అంచనా కట్టినట్టే. కొద్ది సెకన్లలో జవాబు వచ్చింది: మూడు జతలు సరిగానే ఉన్నాయి, 7-8 జత మాత్రం 11 మీటర్ల దగ్గర 'ఓపెన్'. ఈ కొలత ఒకటి రెండు మీటర్లు అటూ ఇటూ కావచ్చు. టేపు పట్టుకుని వెళితే కిటికీ దగ్గరకు చేరాం. రెక్క కింద తీగ నలిగి ఉంది.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. గిగాబిట్ వేగానికి నాలుగు జతలూ కావాలి. 100 మెగాబిట్లకు 1-2, 3-6 జతలు చాలు. ఆ రెండూ బాగున్నాయి కదా! పోర్టును ఆటోలోనే ఉంచి, 100 వేగాన్ని మాత్రమే ప్రకటించేలా అమర్చాం. లైటు వెలిగింది. లైఫ్ సర్టిఫికెట్లకు ఆ వేగం ఎక్కువే. సాయంత్రానికి వరుసలోని వారందరి పనీ పూర్తయింది. మరునాడు కొత్త కేబులు లాగారు.

'ఆటోలోనే ఉంచి' అన్నది గమనించండి. ఒకవైపు వేగం, డూప్లెక్సు రెండూ బిగించి, రెండోవైపు ఆటోలో వదిలితే, ఆటో వైపు హాఫ్ డూప్లెక్సుకు దిగజారుతుంది. అప్పుడు లైటు వెలుగుతుంది, పింగ్ కూడా పోతుంది, కాని పెద్ద ఫైలు పంపితే నత్తనడక. ఈ జబ్బు లైటు చూస్తే తెలియదు, కౌంటర్లు చూడాలి. హాఫ్ వైపు లేట్ కొలిజన్లు, ఫుల్ వైపు సి.ఆర్.సి. తప్పులు పెరుగుతుంటాయి. కౌంటరులో పాత అంకె చూసి కంగారుపడరాదు. సున్నా చేసి, పది నిమిషాలు ఆగి మళ్ళీ చూడాలి.

పింగ్ సంగతి చాలామందికి తెలుసు. 1983లో మైక్ మూస్ రాసిన చిన్న ప్రోగ్రాము అది. వాడటంలో వరుస ముఖ్యం. ముందు సొంత అడ్రసు, తరువాత గేట్‌వే, ఆ తరువాతే బయటి లోకం. మనవారు నేరుగా బయటకు పింగ్ కొట్టి ఇంటర్నెట్ కంపెనీని తిడతారు.

చవక స్విచ్చిల్లో ఈ పరీక్షలేవీ ఉండవు. అక్కడ లైట్లే ఆధారం, తీగ మార్చి చూడటమే మార్గం. ఫైబరు పోర్టుకు కూడా ఈ టి.డి.ఆర్. పనిచేయదు.

ఇక మన హాలు స్విచ్చి. ఏ పోర్టు ఏ గదికి పోతుందో రాసిన పుస్తకమేదీ ఉండేది కాదు. ఎం.డి.ఎఫ్. రికార్డులు రాసిన చేతులు కదా, మొన్న ఇద్దరం కూర్చుని 24 పోర్టులకూ రాశాం. పుస్తకం స్విచ్చి పక్కనే మేకుకు వేలాడుతోంది. పెన్సిలు కూడా కట్టాం, దయచేసి ఎవరూ పట్టుకుపోవద్దు. ప్రశ్నలుంటే అడగండి.