పర్లాకిమిడి పంతులుగారు



మహానగరములలో నుండి, గొప్ప పదవులు వహించి, పెద్దలనిపించుకొన్నవారి చరిత్రములను మనము తరచుగా వినుచుందుము. చిన్నయూర బడిపంతులుగా జీవితమంతయు గడపి, లోకమునకు మేలుచేసి పోయినవారి కథ యంతగా వినబడదు. అట్టివా రొకరిని గూర్చి నేడు నాలుగుమాటలు మనవి చేసెదను. వారు పర్లాకిమిడి వాస్తవ్యులు, గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

ఆ పేరు వినగనే వ్యావహారికభాషావాదము మీకు స్ఫురించును. ఆ వాదమున నేను వారి పక్షమువాడను గాను. బాలవ్యాకరణము కంఠస్థము చేయించిన గురువులయొద్ద చదువుకొన్నవాడను. ఇప్పుడు నేను మాటలాడుచున్న భాషయే యందులకు సాక్షి. మా గురువుగారు పంతులుగారి పేరు తలచినప్పుడెల్ల కొంచెము కోపముతోనే తలచెడివారు. అట్టి నాకు నేడు వారిని కొనియాడవలెనని యేల తోచెనో కడపట చెప్పెదను.

పంతులుగారు 1863 ఆగస్టు 29వ తేదిని, వంశధారాతీరమున శ్రీముఖలింగ క్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. బాల్యముననే తండ్రిగారు గతించిరి. విజయనగరమున మహారాజావారి పాఠశాలలో చదువుకొనిరి. అచ్చట గురజాడ అప్పారావుగారు వారికి సహాధ్యాయులు. 1879లో మెట్రిక్యులేషను పరీక్ష నిచ్చి, మరుసటియేడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతముమీద ఉపాధ్యాయులైరి. ఉద్యోగము చేయుచునే బి. ఏ. పట్టము సంపాదించిరి. శ్రీముఖలింగ దేవాలయములోని శాసనములను చదువుటకు ప్రాచీనలిపులను తమంతట తామే నేర్చుకొనిరి. 1911లో ఉద్యోగము విరమించువరకు ఆ యూరి బడియే వారి లోకము.

పర్లాకిమిడికి చుట్టును కొండలు గలవు. ఆ కొండలయందు సవరలు నివసింతురు. వారు దిగివచ్చి, తాము తెచ్చినది యమ్ముకొని, కావలసినది కొనుక్కొని మరల కొండ యెక్కెడివారు. ఊరివారికి వారితో బేరమే కాని మాట లేదు. వారి భాష నేర్వవలయునని యెవరికిని తోచలేదు. పంతులుగారికి తోచినది. తెలుగు వచ్చిన యొక సవరను తమయింట నుంచుకొని, ఆతనినే గురువుగా నెంచి, ఆ భాషను నేర్చిరి. ఆలోచింపుడు. ఊరిలో గౌరవముగల యుపాధ్యాయుడు, వైదికాచారముగల కుటుంబమువాడు, అక్షరమెరుగని సవరకు శిష్యుడయ్యెను! ఆ కాలమున నిది సామాన్యమైన సంగతి కాదు.

సవరభాష ముండాకుటుంబమునకు చెందినది. తెలుగునకు దానికి చుట్టరికము లేదు. అప్పటికి దానికి లిపియును లేదు. పంతులుగారు ఆ భాషలో పాఠపుస్తకములు కూర్చి, తమ సొమ్ము వెచ్చించి సవరపిల్లలకు బడులు పెట్టించిరి. మదరాసు ప్రభుత్వమువారు వారి కృషిని మెచ్చి ద్రవ్య మీయబోగా, తమ కక్కరలేదనియు, ఆ ధనముతో సవరలకు బడి పెట్టవలసినదనియు కోరిరి.

ఈ పనికై వారు కొండలలో తిరుగుచుండగా చలిజ్వరము పట్టుకొన్నది. దానికి క్వినైను మందు వాడిరి. జ్వరము తగ్గెను గాని వినికిడి పోయెను. మాటలను వినుటయే వ్రతముగా పెట్టుకొన్నవారికి చెవులు పోవుటకంటె కష్టమేమున్నది? అయినను వారు పని మానలేదు. 1931లో సవర వ్యాకరణమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువడినవి. నిఘంటువు వెలువడునాటికి వారి వయస్సు డెబ్బదియైదేండ్లు.

ఇక భాషావాదము. సవరపిల్లవానికి వాని భాషలో చదువు చెప్పవలెనన్నవారు, తెలుగుపిల్లవానికిని వాని భాషలో చెప్పవలెననుట సహజమే కదా! 1907 మొదలుకొని వారు దీనికై పోరాడిరి. జయంతి రామయ్య పంతులుగారు మొదలగు పెద్దలు ప్రతిపక్షమున నిలిచిరి. 1919లో రామమూర్తి పంతులుగారు “తెలుగు” అను మాసపత్రికను నడపిరి. గ్రాంథికము వ్రాయుడని శాసించు పండితుల వ్రాతలలోనే వ్యాకరణదోషము లెన్నియున్నవో యేరి చూపుచు “ఆంధ్రపండితభిషక్కుల భాషాభేషజము” అను గ్రంథము వ్రాసిరి. మా వారికి గుచ్చుకొన్నది ఇదియే. ఏలయన, అందు చూపిన తప్పులు తప్పులే.

1936 ఏప్రిల్ 1వ తేదిని ఒరిస్సారాష్ట్ర మేర్పడి, పర్లాకిమిడి పట్టణ మందులో చేరెను. తెలుగువారి పక్షమున వారు చేసిన ప్రతిఘటనము ఫలింపలేదు. ఏబదియారేండ్లు కాపురమున్న యూరిని, డెబ్బదిరెండేండ్ల వయస్సున, విడిచి రాజమహేంద్రవరము చేరిరి. ముదిమిలో ఊరు విడుచుట యెట్టిదో, ఈ ప్రసంగము వినుచున్న పెద్దలలో అనుభవించినవారికి తెలియును. 1940 జనవరి 15న మదరాసున పత్రికలవారియెదుట, జనుల భాషలో వ్రాయుడని కడసారి విన్నవించిరి. ఆ నెల 22వ తేదిని పరమపదించిరి.

ఇప్పుడు నా మాట చెప్పెదను. నేనుద్యోగమున చేరిన తొలిదినములలో ఒక కాపుకుర్రవాడు వ్యాసమున “మా అయ్య పొలమెల్లినాడు” అని వ్రాసెను. నేను ఎఱ్ఱసిరాతో దానిని కొట్టివేసి, తరగతిలో బిగ్గరగా చదివి వినిపించితిని. పిల్లలందరు నవ్విరి. వాడు తల వంచుకొనెను. మరునాడు బడికి రాలేదు. తరువాతను రాలేదు. కొన్నాళ్లకు వానిని పొలములో చూచితిని. పిలిచితిని. వాడు చేతులు జోడించెనే కాని నోరు విప్పలేదు. నా యెదుట మాటలాడిన తప్పగునని వాడు భయపడెనని నాకప్పుడు తెలిసినది.

వాని వాక్యములో భావమునకేమియు లోటు లేదు. తండ్రి యెచ్చటికి పోయెనో వాడు చక్కగా చెప్పెను. దానిని ముందు మెచ్చుకొని, పిమ్మట వ్రాతలో నెట్లుండవలెనో మెల్లగా నేర్పియుండవచ్చును. ఆనాడు నాలో మాటలాడినది వ్యాకరణము కాదు, అహంకారము. ఆ సంవత్సరమే పంతులుగారి గ్రంథములు తెప్పించి చదివితిని. సవరను గురువుగా కూర్చుండబెట్టుకొన్న ఆ మహానుభావుని ముందు, కాపుబిడ్డను బడినుండి తరిమిన నేనెంతవాడను?

నా గ్రాంథికమును నేను విడువలేదు. అది గురుదత్తము. కాని ఆ దినము మొదలు ఏ పిల్లవాని యింటిమాటను నలుగురిలో నవ్వులపాలు చేయలేదు. వారి వాదమున నాకు దక్కినది అదియే, అది నాకు చాలును.

పంతులుగారు పుట్టిన ఆగస్టు 29వ తేదిని తెలుగు భాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము. దండలు వేయుడు, మంచిదే. గ్రామపెద్దలైన మీకు నాదొక మనవి. ఆ దినమున మీ యూరి బడికి పోయి, మాటలాడుటకు జంకుచు కడపటి వరుసను కూర్చున్న పిల్లవానిని దగ్గరకు పిలిచి, వాని మాటలలోనే వాని కథ చెప్పించుకొని వినుడు. చెవులు పోయినను పంతులుగారు జీవితాంతము చేసిన పని యదియే.