కంప్యూటరు మఱవని పేర్లు



లినక్సు కంప్యూటరులందు నెట్‌వర్క్ మేనేజరను సాధనము కలదు. 2004లో రెడ్ హ్యాట్ సంస్థవారు దీనిని వెలువరించిరి. మనమొకసారి చేరిన ప్రతి వైఫై పేరును ఇది భద్రపఱచి, ఆ పేరు మరల కనబడినంతనే మనలనడుగకయే దానితో కలియును. ఇది సౌకర్యమే, కాని ఇందొక ప్రమాదము కూడ కలదు.

రైలుస్టేషనులోనో హోటలులోనో పాస్‌వర్డు లేని వైఫైని వాడితిమనుకొందము. ఆ పేరునే మోసగాడొకడు తన పరికరమునకు పెట్టుకొనవచ్చును. పేరు కలిసినది గనుక మన కంప్యూటరు వానితో చేరిపోవును. పాస్‌వర్డు గల వైఫై విషయమట్లు కాదు. పేరొక్కటి కలిసిన చాలదు, పాస్‌వర్డును కలియవలయును.

కావున నేను విన్నవించునది యిది. టెర్మినలునందు 'ఎన్ఎమ్‌సిఎల్ఐ కనెక్షన్ షో' అని టైపు చేసినచో భద్రపఱచిన పేర్ల పట్టిక వచ్చును. 'షో'కు బదులు 'డిలీట్' అని వ్రాసి, అక్కరలేని పేరును చేర్చినచో అది తొలగిపోవును. గ్నోము డెస్క్‌టాపు వాడువారు సెట్టింగులలోని వైఫై భాగముననే ఈ పని చేయవచ్చును. పాస్‌వర్డు లేకున్నను ఉంచక తప్పని పేరున్నచో, దాని 'ఆటోకనెక్ట్'ను ఆపివేయుడు. అప్పుడు మన అనుమతి లేక అది కలియదు.

ప్రయాణము ముగించి యిల్లు చేరినప్పుడెల్ల ఈ పట్టికను ఒకమారు సరిచూచుకొనుట మేలు.