వ్రేలిముద్రకు కావలి

(పల్నాడు జిల్లా ఈపూరులో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మిరప కల్లముల వద్ద రాత్రులు కావలి యుండుట ఈ ప్రాంతమువారికి క్రొత్త కాదు. కాయ ఎండి, టిక్కీలకెక్కి, గుంటూరు యార్డు చేరువరకు రైతు కంటికి కునుకు ఉండదు. అట్లు కాపాడుకొన్న పంట సొమ్ము నేడు బ్యాంకు ఖాతాలో జమ యగుచున్నది. మరి ఆ ఖాతాకు కావలి ఎవరు? ఈ విషయమునే మీతో ముచ్చటింప వచ్చితిమి.

పూర్వము దొంగ గోడకు కన్నము వేసి వచ్చెడివాడు. నేటి దొంగ ఊరి పొలిమేర త్రొక్కవలసిన పని లేదు. ఆధారు సంఖ్య, బ్యాంకు పేరు, వ్రేలిముద్ర, ఈ మూడును దొరికిన చాలును. ఆధారుద్వారా సొమ్ము తీయు పద్ధతిలో రహస్య సంఖ్య అక్కరలేదు. ఫోనుకు వచ్చు ఓటీపీయు అక్కరలేదు. చదువురాని వృద్ధులు సైతము తమ ఊరిలోనే సొమ్ము తీసికొనగలుగుటకై ఈ సౌకర్యము ఏర్పడినది. ఆ సులభత్వమే దొంగకును దారి చూపినది.

ఇది కల్పన కాదు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారమున సిమ్ కార్డులు అమ్ము వ్యక్తి యొకడు భూముల రిజిస్ట్రేషను దస్తావేజుల ప్రతులను వెబ్‌సైటునుండి సేకరించి, వానిపైనున్న వ్రేలిముద్రలకు రబ్బరు అచ్చులు చేసి, వేలాది సిమ్ కార్డులను ఇతరుల పేర నడిపించెను. 2022లో సైబరాబాదు పోలీసులు పట్టుకొన్న ముఠా మన రాష్ట్ర దస్తావేజులనుండి ఇట్లే ముద్రలు తీసి, ఖాతాలలోని సొమ్ము కాజేసినది. మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షకు పైబడిన లబ్ధిదారుల ఆధారు సంఖ్యలు ఎల్లరకు కనబడునట్లున్న సంగతి 2018 ఏప్రిల్‌లో బయటపడి, పిమ్మట వానిని తొలగించిరి. జరిగిన పొరపాటును దాచిన ప్రయోజనము లేదు, దానినుండి నేర్చుకొనవలయును.

తాళము పోయినచో మరియొకటి కొనవచ్చును. రహస్య సంఖ్యను మార్చుకొనవచ్చును. వ్రేలిముద్రను మార్చుకొనుట ఎవరి తరము? కావున దానిని ఇచ్చినవారికంటె తీసికొన్నవారికే బాధ్యత ఎక్కువ.

నిరుడు మేమొక సంతలో శనగకాయలు కొంటిమి. పొట్లము విప్పి చూడగా ఆ కాగితము ఒక వృద్ధురాలి ఆధారు నకలు. దానిపై ఆమె నిశానీ కూడ ఉన్నది. ఏ దరఖాస్తుతోనో ఆమె నమ్మి యిచ్చిన కాగితము తూకమునకు అమ్ముడుపోయినది. ఆ ముద్రతో ఆమె పింఛను పోయిన, తప్పు ఆమెది యగునా?

పౌరుని స్వవిషయ గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24న ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టము చేసినది. దశలవారీగా దానిని అమలుపరచు నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. సమాచారమునకు తగిన భద్రత కల్పింపని సంస్థలకు 250 కోట్ల రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. అయినను చట్టము ఢిల్లీలో ఉండును. కాగితములు మన బీరువాలో ఉండును.

కావున సభ్యులారా, ఈ క్రింది పనులు పంచాయతీ తన చేతులమీదుగా చేయదగినవి. లబ్ధిదారుల జాబితా గోడకు అంటించునపుడు పేరు చాలును. ఆధారు, ఖాతా సంఖ్యలు కూడదు. వానిని వాట్సాప్ బృందములలో పెట్టరాదు. పని తీరిన నకళ్లను, ఉంచవలసిన గడువు ముగిసిన పిమ్మట, చించి కాల్చవలయును. పాత కాగితములవానికి వేయరాదు. కార్యాలయ కంప్యూటరు పాస్‌వర్డు చీటీపై వ్రాసి తెరకు అంటించుట తాళమును, చెవిని ఒకేచోట వ్రేలాడదీయుటయే.

ఎరువుల కొట్లవారికి, ఫోను దుకాణములవారికి కూడ ఈ మాట చెప్పుడు. ఖాతాదారుని ఆధారును తమ ఫోనులో ఫొటో తీసి ఉంచుకొనరాదు. నకలు తప్పనిసరియైనచోట, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడు ఆధారు ప్రతి చాలునేమో మొదట అడుగవలయును.

గ్రామస్థులకు చెప్పవలసినవి మరికొన్ని కలవు. ముద్ర వేయుటకు ముందు, ఎందులకని అడుగవలయును. వేసిన పిమ్మట రసీదు తీసికొనవలయును. యంత్రము ముద్ర పట్టలేదని మరల వేయుమన్నచో, మొదటి ముద్రకు సొమ్ము తగ్గినదేమో చూచుకొనవలయును. ఆధారు వెబ్‌సైటులో వ్రేలిముద్రకు తాళము వేసికొను సౌకర్యము కలదు. అయితే రేషనుకు, పింఛనుకు ముద్ర వేయుదినమున దానిని తెరువవలసి యుండును. ఇంటిలో తెలిసిన యువకుల సహాయము తీసికొనవచ్చును. పి.ఎం. కిసాన్ పేర వాట్సాప్‌లో వచ్చు ఫైళ్లను తెరువరాదు. అవి ఫోనులోని రహస్యములను దొంగకు చేరవేయును. పోలీసులమని చెప్పి, వీడియోలో "డిజిటల్ అరెస్టు" చేసితిమని బెదరించువారిని నమ్మరాదు. అట్టి అరెస్టు మన దేశమున ఏ చట్టములోను లేదు.

ఇన్ని జాగ్రత్తలు పడినను మోసము జరిగినచో సిగ్గుపడి దాచరాదు. వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలయును, బ్యాంకుకును తెలుపవలయును. దొంగసొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు పరుగెత్తుచుండును. ఆ పరుగు ముగియకముందే తెలిపిన, దానిని ఆపుటకు అవకాశము కలదు. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగిన ఏమి లాభము? ఆ నాలుగంకెలను పంచాయతీ గోడపై, బడి గోడపై, రేషను దుకాణము ముందు పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. అందుకగు ఖర్చు ఒక డబ్బా రంగు మాత్రమే.

మీకు ఓటు వేసిన ఆ వృద్ధురాలు తన పేరును, తన నిశానీని మీ కార్యాలయమున నమ్మకముతో విడిచిపోయినది. ఆమె తిరిగి అడుగదు. అడుగవలయునని ఆమెకు తెలియదు కూడ. ఆమె అడుగకున్నను కాపాడుటయే పంచాయతీ ధర్మము. నేడు ఇండ్లకు పోవుటకు ముందే ఒక్క పని చేయుడని మా మనవి: మీ కార్యాలయ బీరువాకు తాళము ఉన్నదో లేదో చూడుడు.